ప్రయోగశాలలో దేవుడు

జపాన్ చక్రవర్తి హిరోహిటోకు సముద్ర జీవశాస్త్రమంటే ప్రాణం. రాజప్రాసాదం ఆవరణలోనే ప్రయోగశాల పెట్టుకున్నాడు. సగామి అఖాతంలో దొరికే హైడ్రోజోవా జీవులను సూక్ష్మదర్శిని కింద పరీక్షించి పుస్తకాలు రాశాడు. 1926లో గద్దెనెక్కిన ఆ మనిషే, 1928 నవంబరులో క్యోటోలో దైజోసాయ్ అనే క్రతువు జరిపాడు. కొత్త బియ్యంతో వండిన అన్నాన్ని రాత్రివేళ సూర్యదేవత అమతెరాసుకు నివేదించి తానూ ఆరగించే తంతు అది. ఆ దేవత వంశంలో పుట్టాడు కనకనే ఆయన చక్రవర్తి అని దేశమంతా నమ్మింది. నమ్మించారు అనడమే న్యాయం.

ఆ పని ఆయన తాత మెయిజీ కాలంలోనే మొదలైంది. చక్రవర్తి పవిత్రుడని, ఆయన జోలికి ఎవరూ పోరాదని 1889 రాజ్యాంగం శాసించింది. మరుసటి ఏడాది వచ్చిన విద్యా శాసనం ముందు బడులన్నీ తల వంచాల్సి వచ్చింది. తగినంత వంగలేదన్న నేరానికి 1891లో ఉచిమురా కాంజో అనే ఉపాధ్యాయుడి కొలువు పోయింది. 1898లో ఉయెదాలో ఒక బడి తగలబడి, చక్రవర్తి చిత్రపటం కాలిపోయింది. ప్రధానోపాధ్యాయుడు ఆత్మహత్య చేసుకున్నాడు. తర్వాత నవలాకారుడిగా పేరు తెచ్చుకున్న కుమే మసావో ఆయన కొడుకే, అప్పటికి పసివాడు. పటం కాలితే పంతులు చావాల్సిన చోట ఉన్నది భయం. దాన్ని భక్తి అనడానికి నాకు మనసొప్పదు.

హిరోహిటో హయాంలో ఆ భయం విశ్వవిద్యాలయాలకూ పాకింది. చక్రవర్తి రాజ్యవ్యవస్థలో ఒక అంగం మాత్రమేనని న్యాయశాస్త్ర ఆచార్యుడు మినోబే తత్సుకిచి ఏళ్ల తరబడి బోధించాడు. 1935లో ఆయన మీద ద్రోహి అన్న ముద్ర వేశారు. పుస్తకాలు నిషేధించారు, పెద్దల సభ నుంచి వైదొలిగేలా చేశారు. ఏడాది తిరిగేసరికి ఒక దుండగుడు తుపాకీతో కాల్చి గాయపరిచాడు. చక్రవర్తి ప్రధాన సైనిక సహాయకుడు హోంజో డైరీ చదివితే కడుపు రగులుతుంది. హిరోహిటోకు ఆ సిద్ధాంతం తప్పుగా తోచలేదట; దేహం విషయంలో తానూ అందరిలాంటి మనిషినేనని కూడా అన్నాడట. ఆ మాట ప్రజల ముందు అనలేదు. అని ఉంటే మినోబే పుస్తకాలను నిషేధించడం అంత తేలికయ్యేదా? 1940లో ప్రాచీన పురాణాలను చరిత్రకారుడి కళ్లతో చదివిన త్సుదా సోకిచి మీద కేసు పెట్టారు. అదే ఏడాది పురాణపురుషుడు జిమ్ము సింహాసనమెక్కి 2,600 ఏళ్లయిందని ఉత్సవాలు చేశారు. తర్వాత నాలుగేళ్లకు, ఆ చక్రవర్తి పేరు చెప్పి కుర్రవాళ్లను విమానాలతో సహా శత్రునౌకలను ఢీకొనడానికి పంపారు.

జపాన్ యుద్ధంలో ఓడిపోయాక, ఆక్రమణ సేనల పాలనలో, 1946 జనవరి 1న చక్రవర్తి సజీవ దైవమన్నది మిథ్య అని ప్రకటన వెలువడింది. సూర్యదేవత వంశం కథను మాత్రం అందులో ఖండించలేదు. దైవత్వాన్ని కాదనడం ఆ ప్రకటనలో రెండో సంగతేనని, తాత మెయిజీ పాలన మొదట్లో చేసిన ప్రతిజ్ఞను గుర్తుచేయడమే ముఖ్యమని 1977లో హిరోహిటోయే విలేకరులకు చెప్పాడు. లక్షల ప్రాణాలు పోయాక కూడా అది ఆయనకు రెండో సంగతే!

యుద్ధంలో చక్రవర్తికీ బాధ్యత ఉందని 1988లో అన్న నాగసాకి మేయరు మొతోషిమా హితోషిని 1990లో కాల్చారు, ప్రాణాలు దక్కాయి. ఆ ఏడాదే కొత్త చక్రవర్తి అకిహితో దైజోసాయ్ జరిపాడు. మతాన్నీ రాజ్యాన్నీ వేరుచేసిన రాజ్యాంగం అమల్లో ఉండగానే, ఖర్చు ప్రజాధనం నుంచి వచ్చింది. 2019 దైజోసాయ్‌కూ అంతే. ఈ మతక్రతువుకు రాజకుటుంబం సొంత ఖర్చులకిచ్చే డబ్బే వాడాలని కాబోయే చక్రవర్తి తమ్ముడు ఫుమిహితో ముందే బహిరంగంగా కోరాడు. ప్రభుత్వం వినలేదు.