బైబిల్ చరిత్రా, కథా? ముందు ఏ పేజీయో అడగండి

బైబిల్‌లో రాసిందంతా జరిగిందేనా, లేక కట్టుకథా? బళ్లారి టీ హోటల్లో కానీ, హోసూరు బస్టాండులో కానీ, బరంపురంలో రైలు కోసం ఎదురుచూసేటప్పుడు కానీ ఈ మాట లేచిందంటే చాలు, పది నిమిషాల్లో రెండు జట్లు తయారవుతాయి. ఒక జట్టు అక్షరం అక్షరం నిజమంటుంది. రెండో జట్టు మొదటి నుంచి చివరి దాకా కల్పన అంటుంది. ఈ రెండు జట్లలోనూ ఆ పుస్తకం పూర్తిగా చదివినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉంటే గొప్పే. అది అలా ఉంచితే, అసలు తిరకాసు ప్రశ్నలోనే ఉంది.

మీ చేతిలో ఉన్న ఈ పేపరునే తీసుకోండి. 'పేపరు నిజమా, కల్పనా?' అని ఎవరైనా అడుగుతారా? మొదటి పేజీలో వార్త ఉంటుంది. లోపల సంపాదకీయం ఉంటుంది. ఓ మూల కార్టూను, మరో మూల రాశిఫలాలు. ఆదివారం వస్తే కథ. వార్తలో తప్పు దొర్లితే మరునాడు సవరణ వేయాలి. కథలో హీరో ఊరు మ్యాపులో లేదని సవరణ అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. ఏ పేజీకి ఆ కొలత. ఇది చదువు రాని మనిషికీ తెలుసు.

బైబిల్ కూడా ఒక పుస్తకం కాదు, ఓ చిన్న గ్రంథాలయం. ప్రొటెస్టెంట్లకు 66 పుస్తకాలు, కేథలిక్కులకు 73. దాదాపు వెయ్యేళ్ల కాలంలో హెబ్రీ, గ్రీకు భాషల్లో, కొంత భాగం అరామిక్‌లో ఎందరో రాశారు. అందులో రాజుల చరిత్ర ఉంది, చట్టం ఉంది, పాట ఉంది, సామెత ఉంది, ఉత్తరం ఉంది, కల ఉంది. తెలుగు బైబిల్‌లో పేర్లు చూస్తే మా వృత్తివాళ్లకు నవ్వొస్తుంది. యేసు జీవితం చెప్పేవి 'సువార్తలు'. పౌలు సంఘాలకు రాసిన ఉత్తరాలు 'పత్రికలు'. రాజుల సంగతులు రాసినవి 'దినవృత్తాంతములు'. ఆఖరిది 'ప్రకటన'. ఒక దినపత్రికకు కావలసిన సరంజామా అంతా ఉంది! ఇన్ని రకాలను ఒకే తక్కెడలో వేసి తూస్తామంటే ఎలా?

సరిహద్దువాళ్లకు తెలిసిన సంగతి

రెండు భాషల మధ్య బతికే మనకు ఈ విషయం ఇతరుల కంటే సులువుగా అర్థం కావాలి. తెలుగులో మొదటి ఐదు పుస్తకాలకు 'కాండము' అని పేరు. ఆదికాండము, నిర్గమకాండము... వినగానే రామాయణం గుర్తుకు రాదూ? తమిళంలో అవే 'ఆగమాలు'. ఆదియాగమం, యాత్రాగమం. అక్కడ శైవుల మాట తీసుకున్నారు. ఇక నాలుగో పుస్తకం సంగతి చూడండి. తెలుగులో సంఖ్యాకాండము, తమిళంలో ఎణ్ణాగమం, మరాఠీలో గణన. అన్నీ లెక్కకు సంబంధించిన పేర్లే. కన్నడంలో మాత్రం అదే పుస్తకం 'అరణ్యకాండ'. హెబ్రీలో దాని పేరుకు అర్థం 'అరణ్యంలో' అనే. తెలుగువాళ్లు గ్రీకు దారిలో వెళ్తే, కన్నడిగులు హెబ్రీ దారిలో వెళ్లారు. పుస్తకం ఒక్కటే. పేరు దగ్గరే ఇంత తేడా.

పేరుతోనే అయిపోలేదు. యెషయా గ్రంథం ఏడో అధ్యాయంలో బిడ్డను కనబోయే స్త్రీకి తెలుగులో 'కన్యక' అని ఉంది. హెబ్రీ మూలంలో ఉన్న 'అల్మా' అనే మాటకు అర్థం యువతి. క్రీస్తు పుట్టుకకు ముందే చేసిన గ్రీకు అనువాదంలో అది కన్య అన్న అర్థమిచ్చే మాట అయింది. మత్తయి సువార్త ఆ గ్రీకు మాట మీదే నిలబడింది. ఒక్క పదం మీద రెండు వేల ఏళ్లుగా పండితుల వాదులాట సాగుతోంది. కన్నడం నుంచి తెలుగులోకి ఒక పంచాయతీ నోటీసు తిప్పితేనే అర్థం ఎటు జారుతుందో మనకు తెలుసు. అలాంటిది 'అక్షరం అక్షరం' అనేవారు ఏ భాష అక్షరం అంటున్నారో ముందు తేల్చుకోవాలి.

ఒక ముట్టడి, రెండు రిపోర్టులు

అంతా కల్పనే అనే జట్టు సంగతికి వద్దాం. క్రీస్తు పూర్వం 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా దేశం మీద పడ్డాడు. యెరూషలేములో అప్పుడు రాజు హిజ్కియా. ఈ కథ రెండవ రాజుల గ్రంథంలో ఉంది. విచిత్రం ఏమిటంటే సన్హెరీబు తన వైపు కథను కూడా మట్టి పలకల మీద రాయించాడు. 1830లో నీనెవె శిథిలాల్లో దొరికిన ఆరు ముఖాల మట్టి స్తంభం ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 46 కోట ఊళ్లను పట్టుకున్నానని అందులో చెప్పుకున్నాడు. హిజ్కియా కట్టిన కప్పం లెక్క కూడా వేశాడు. బంగారం 30 తలాంతులు. హెబ్రీ బైబిల్‌లోనూ సరిగ్గా 30 తలాంతులే! వెండి దగ్గరే తేడా. బైబిల్ 300 అంటే, సన్హెరీబు 800 అన్నాడు.

ఇంకా చూడండి. యెరూషలేమును చుట్టుముట్టానని రాజు రాయించాడు కానీ పట్టుకున్నానని ఎక్కడా రాయించలేదు. బైబిల్ కూడా ఊరు దక్కిందనే చెబుతుంది. ఎందుకు దక్కిందంటే మాత్రం దేవదూత ఒక్క రాత్రిలో శత్రు సైన్యంలో 1,85,000 మందిని హతం చేశాడంటుంది. ఆ ముక్క సన్హెరీబు వైపు లేదు. ముట్టడికి తట్టుకోవడానికి హిజ్కియా నీళ్ల కోసం తవ్వించాడని చెప్పే సొరంగం నేటికీ యెరూషలేములో ఉంది. పొడవు 500 మీటర్ల పైమాటే. రెండు వైపుల నుంచి తవ్వుకుంటూ వచ్చిన కూలీలు మధ్యలో ఎలా కలిశారో చెప్పే శాసనం 1880లో అందులో బయటపడింది.

తుంగభద్ర నీళ్ల మీద ఒకే రోజు కన్నడ పేపరు, తెలుగు పేపరు చదివేవారికి ఇది కొత్తేమీ కాదు. డ్యాము నిజం, నీళ్లు నిజం, మీటింగు జరగడం నిజం. ఎవరు గెలిచారన్నది మాత్రం ఏ ఒడ్డున నిలబడి రాశారన్న దాన్ని బట్టి ఉంటుంది. రాజుల గ్రంథం కూడా అలాంటి రిపోర్టే. అది ఒక వైపు నిలబడి రాసింది. ఒక వైపు నిలబడి రాసినంత మాత్రాన కట్టుకథ అయిపోదు.

లెక్క కుదరని చోట

ఇప్పుడు అంతా నిజమే అనే జట్టు సంగతి. సంఖ్యాకాండము మొదటి అధ్యాయంలో ఐగుప్తు నుంచి బయల్దేరిన ఇశ్రాయేలీయుల్లో యుద్ధానికి పనికొచ్చే మగవాళ్ల లెక్క 6,03,550. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లను కలిపితే 20 లక్షలు దాటుతుంది. ఆనాటి ఐగుప్తు మొత్తం జనాభాయే 30 లక్షల చుట్టూ ఉండొచ్చని పండితుల అంచనా. ఇంతమంది నలభై ఏళ్లు తిరిగిన ఎడారిలో వాళ్ల జాడగా చెప్పుకోదగ్గది ఏదీ తవ్వకాల్లో దొరకలేదు. హెబ్రీలో 'వెయ్యి' అనే మాటకు 'వంశం, దండు' అనే అర్థం కూడా ఉంది కాబట్టి అసలు సంఖ్య చాలా తక్కువని కొందరు సర్దిచెప్పారు. ఆ వాదన ఇంకా తెగలేదు.

యెరికో గోడల కథ కూడా అంతే. 1952 నుంచి 1958 వరకు అక్కడ తవ్వకాలు జరిపిన కేథలీన్ కెన్యన్, ఆ ఊరి పెద్ద గోడలు యెహోషువ కాలమని చెప్పే రోజులకు చాలా ముందే కూలాయని తేల్చారు. ఆ కాలానికి అక్కడ చెప్పుకోదగ్గ ఊరే లేదు. ఇక్కడ కొందరు తెలివిగా 'అది కవిత్వం లెండి' అని తప్పుకుంటారు. అది న్యాయం కాదు. ఆ పుస్తకం దాన్ని జరిగిన సంగతిగానే చెబుతోంది. కాబట్టి చరిత్ర కొలతకు నిలబడలేదని ఒప్పుకోవాల్సిందే. దొరికిపోయినప్పుడల్లా వార్తను కథల పేజీలోకి మార్చేయడం కుదరదు.

యేసు విషయంలోనూ గీత ఎక్కడ గీయాలో చూసుకోవాలి. ఆయన ఉన్నాడని, పొంతి పిలాతు పాలనలో సిలువ వేయబడ్డాడని చరిత్రకారుల్లో దాదాపు అందరూ ఒప్పుకుంటారు. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రెండో శతాబ్దం తొలినాళ్లలోనే ఈ శిక్ష సంగతి రాశాడు. పిలాతు పేరున్న రాయి 1961లో కైసరయలో దొరికింది. దేవాలయంలో వ్యాపారులను తరిమిన ఘట్టాన్ని యోహాను మొదట్లో పెడితే, మిగతా ముగ్గురు చివర్లో పెట్టారు. ఇలాంటి తేడాలూ ఉన్నాయి. ఇక పునరుత్థానం? దాన్ని శిష్యులు నమ్మారని చరిత్ర చెప్పగలదు. జరిగిందా లేదా అన్నది తవ్వకాలతో తేలేది కాదు. అది విశ్వాసం. విశ్వాసాన్ని విశ్వాసమని చెప్పుకోవడంలో నామోషీ ఏముంది?

కథ అని చెప్పే చెప్పిన కథ

బైబిల్‌లో అచ్చమైన కల్పన కూడా ఉంది. అది యేసే స్వయంగా చెప్పాడు. లూకా సువార్త పదో అధ్యాయంలోని సమరయుడి కథ. 'నా పొరుగువాడెవడు?' అని ఒక ధర్మశాస్త్రం తెలిసినవాడు అడిగితే జవాబుగా చెప్పిన ఉపమానం. యెరూషలేము నుంచి యెరికో వెళ్లే దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషిని యాజకుడు చూసి పక్కకు తప్పుకుంటాడు, లేవీయుడూ తప్పుకుంటాడు. ఆగి కట్టు కట్టింది సమరయుడు. సమరయులంటే యూదులకు ఇరుగుపొరుగే, కానీ గిట్టనివాళ్లు. వాళ్ల గుడి వేరు, కొండ వేరు. ఒక రకంగా సరిహద్దు అవతలి మనుషులు.

ఆ దారి నిజం. సమరయులు నిజం, నేటికీ కొన్ని వందల మంది ఉన్నారు. ఆ దెబ్బలు తిన్న మనిషి మాత్రం కల్పన. అయితేనేం? రోడ్డు ప్రమాదంలో పడినవాణ్ని ఆస్పత్రికి చేర్చినవారిని పోలీసులు, కోర్టులు వేధించకుండా 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. కర్ణాటక అయితే సొంతంగా కూడా ఒక చట్టం చేసుకుంది. వాటిలో ఆ సాయం చేసే మనిషి పేరు 'గుడ్ సమరిటన్'. రెండు వేల ఏళ్ల కిందటి ఓ కథలోని మనిషి మన హైవేల మీద ప్రాణం కాపాడేవాడికి రక్షణగా నిలబడ్డాడు. కల్పన అంటే అబద్ధం అని కొట్టిపారేసేవాళ్లు దీనికేమంటారు?

ఇంతకీ మనకెందుకు?

ఇదంతా పండితుల గొడవ, మనకెందుకు అనొచ్చు. ఉంది. స్వస్థత కథను డాక్టరు చీటీలా చదివి షుగరు మాత్రలు మానేసిన మనిషికి నష్టం కథలో జరగదు, కాలికి పుండు పడి జరుగుతుంది. ఇంకోవైపు, పరాయి రాష్ట్రంలో అసలే భాష తక్కువై బతికే తెలుగు కుటుంబంలోని పిల్లవాణ్ని 'మీది కట్టుకథల పుస్తకం' అని తోటివాళ్లు ఎగతాళి చేస్తే, తెగేది వాడి మనసే. సర్కారు బడిలో తెలుగు దొరకని ఊళ్లలో చాలా ఇళ్లకు తెలుగు అక్షరాన్ని నిలిపింది ఆ నల్ల అట్ట పుస్తకమే. అవ్వ కూడబలుక్కుని చదివిన పుస్తకాన్ని చులకన చేస్తే అవ్వను చులకన చేసినట్టే.

ఇంకో మాట. ఈ కొలత బైబిల్‌కు ఒక్కదానికే కాదు. జలప్రళయం కథ ఆదికాండములో ఉంది, అంతకు ముందే బాబిలోనియా మట్టి పలకల్లో ఉంది, మన శతపథ బ్రాహ్మణంలో మనువు, చేప కథగానూ ఉంది. పక్కింటివాడి ప్రళయం పుక్కిటి పురాణం, మనింటి ప్రళయం చరిత్ర అంటే అది విమర్శ కాదు, పక్షపాతం. రాజ్యాంగంలోని 25వ అధికరణం ఎవరి నమ్మకం వారికి ఇచ్చింది. 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని అందరికీ విధిగా పెట్టింది. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. ఒకటి ఉంచుకుని ఒకటి చింపేయలేం.

కాబట్టి ఈసారి టీ హోటల్లో ఎవరైనా 'బైబిల్ నిజమా, కల్పనా?' అని లేవదీస్తే జట్టు కట్టకండి. 'ఏ పుస్తకం, ఏ అధ్యాయం?' అని అడగండి. రాజుల లెక్క అయితే శాసనాలతో పోల్చుదాం. పాట అయితే పాడుకుందాం. ఉపమానమైతే అది మనల్ని ఏమడుగుతోందో విందాం. నమ్మకమైతే నమ్మేవాడికి వదిలేద్దాం. ఇలా అడిగితే వాదన కాస్త ఆలస్యంగా తెగుతుంది. ఆలోపు ఎవరో ఒకరు పుస్తకం తెరిచి చూస్తారు కూడా.