వాల్వు రేడియో పొట్ట ఖాళీ చేయకండి

పాత వాల్వు రేడియోలో చెక్కపెట్టె ఒక్కటే ఉంచుకుని, లోపలి సామానంతా పీకేసి, బ్లూటూత్ స్పీకరు బిగించుకోవడం ఇప్పుడొక మోజు. మదనపల్లెలో, బెంగళూరులో ముస్తాబైన హాళ్లలో అలాంటి పెట్టెలు కనబడుతున్నాయి. పుంగనూరులో రేడియోలు, టీవీలు బాగుచేసి బతికినవాణ్ని కాబట్టి చెబుతున్నాను: అది రేడియోను బాగుచేయడం కాదు, చంపడం.

కొన్నేళ్ల కిందట బెంగళూరులో ఉద్యోగం చేసే మా ఊరి పిల్లోడు వాళ్ల తాత మర్ఫీ సెట్టు మోసుకొచ్చాడు. “మామా, ఇది ఇంక పలకదు. లోపలదంతా తీసేసి బ్లూటూత్ పెట్టియ్యి” అన్నాడు. “పలకదని నీకెవరు చెప్పినారు నాయనా? రెండు దినాలు నా దగ్గర పెట్టిపో” అన్నాను. వెనక అట్ట విప్పితే ఎలుక గూడు, దుమ్ము, వాటి కింద లైసెన్సు పుస్తకం. ఏడాదికి పదిహేను రూపాయలు పోస్టాఫీసులో కట్టి, ఏ ఏటి స్టాంపు ఆ ఏడు అతికించుకున్నాడు ఆ పెద్దాయన. రేడియో వినడానికి సర్కారుకు పన్ను కట్టిన రోజులవి. ఆ పుస్తకం చూశాక పిల్లోడు బ్లూటూత్ మాట ఎత్తలేదు.

ఇలాంటి సెట్లలో ముందుగా చచ్చేవి వాల్వులని చాలామంది అనుకుంటారు. కాదు, కండెన్సర్లు. ఫిల్టరు కండెన్సర్లు ఎండిపోతాయి, కాగితం కండెన్సర్లు లీకవుతాయి. అన్నిటికన్నా ప్రమాదం ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు ముందుండే కప్లింగ్ కండెన్సరుతో. అది కాస్త లీకైతే చాలు, గ్రిడ్ మీదికి పాజిటివ్ వోల్టేజీ ఎక్కుతుంది. వాల్వు హద్దు మీరి కరెంటు లాగుతుంది, ప్లేటు ఎర్రగా కాలుతుంది, వెనకే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. కొద్ది రూపాయల ముక్కను మార్చనందుకు వెతికినా దొరకని ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుందన్న మాట. అందుకే నేను ముందు కండెన్సర్లు మార్చి, బ్యాండ్ స్విచ్ తుడిచి, ఆ తర్వాతే సీరీస్ బల్బు పెట్టి కరెంటు ఇస్తాను. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సెట్టు క్షేమం. అలాగే భగ్గున వెలుగుతూ ఉంటే ఎక్కడో షార్టుందని లెక్క.

ఆ మర్ఫీలో బల్బు మసకబారింది. వాల్వుల్లో ఫిలమెంట్లు ఎర్రబడ్డాయి, కాసేపటికి హమ్ము, ఆ తర్వాత గరగర. ముల్లు మెల్లగా తిప్పితే కడప స్టేషను పలికింది. పిల్లోడు నా చెయ్యి తీసి తానే తిప్పడం మొదలుపెట్టాడు. వాల్వులు ఒక్కటీ మార్చలేదు. ఆ తరం పనితనం అది. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రేడియో వాల్వులు తయారుచేసింది. వాటిలో ఇవాళ్టికీ వెలిగేవి ఉన్నాయి.

నా అసలు బాధ ఇంకొకటి. ఈ సెట్లలో ఎక్కువవాటికి మీడియం వేవ్, షార్ట్ వేవ్ తప్ప ఎఫ్.ఎం. ఉండదు. కడప ఆకాశవాణి 1963లో మొదలైంది. దానిది 900 కిలోహెర్ట్జ్, మీటర్లు అచ్చేసిన పాత డయల్ మీద 333 దగ్గర. ఇప్పుడు దేశంలో మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఒక్కొక్కటే ఆపేస్తున్నారు. అవి ఆగితే ఈ సెట్లు బాగుచేసినా వినడానికి మన స్టేషను ఉండదు. ఖర్చని, వినేవాళ్లు లేరని అంటున్నారు. ఖర్చు నిజమే, మీడియం వేవ్ కరెంటు బాగా తింటుంది. కానీ ఎఫ్.ఎం.కు కొండ అడ్డం పడుతుంది, మీడియం వేవ్ నేల పట్టుకుని పోతుంది. హార్స్‌లీ కొండల చుట్టూ, పుంగనూరు గుట్టల వెనక ఉన్న పల్లెలకు ఈ తేడా చిన్నది కాదు. తుపాను వచ్చి సెల్ టవర్లు పడిపోయిన రోజున వందల కిలోమీటర్లు పోయే గొంతు ఒకటి ఉండాలి. రాయలసీమకు కనీసం ఒక మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్‌ను శాశ్వతంగా ఉంచాలని ప్రసార భారతిని గట్టిగా అడుగుతున్నాను.

ఈ సెట్లు బాగుచేసే పనొచ్చినవాళ్లం ముసలివాళ్లమైపోయాం. మా చేతుల్లో సత్తువ ఉండగానే ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు మమ్మల్ని పిలవాలి. చిప్పులో ఏం జరుగుతోందో పిల్లలకు కనబడదు. వాల్వు సెట్టులో ఏరియల్ నుంచి స్పీకరు దాకా సిగ్నలు పోయే దారి ప్రతి మలుపులోనూ మీటరు పెట్టి చూపించవచ్చు.

మీ అటక మీద అలాంటి సెట్టుంటే అమ్మకండి, పొట్ట చీల్చకండి. పలుకుతుందేమోనని నేరుగా ప్లగ్గులో మాత్రం పెట్టకండి. లోపల 250 వోల్టుల దాకా ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ-డీసీ సెట్లలో చాసిస్‌కే కరెంటు వస్తుంది. ముందు పాత మెకానిక్ ఎవరైనా ఉన్నారేమో వాకబు చేసి, ఆయన చేతికివ్వండి.