అప్రూవల్ ఉందట, చేర్చమంటావా?

మార్చి, ఏప్రిల్ నెలలు వచ్చాయంటే చాలు, ఇక్కడి తెలుగు ఇళ్ళల్లో ఫోన్లు మోగడం మొదలౌతుంది. గుంటూరు నుంచి ఒక బావగారు, కరీంనగర్ నుంచి ఒక పిన్నిగారు. క్షేమ సమాచారాలు అర నిమిషంలో అయిపోతాయి. ఆ తరువాత అసలు సంగతి: "మావాడికి కాలిఫోర్నియాలో ఏదో కాలేజీలో సీటొచ్చింది. స్టేట్ అప్రూవ్డ్ అని కాగితం మీద ఉంది. చేర్చమంటావా?"

అమెరికాలో ఉన్నవాడికి అమెరికా గురించి అంతా తెలిసి ఉంటుందని మనవాళ్ళ నమ్మకం. ఆ నమ్మకాన్ని పోగొట్టడం ఎందుకని ఈ ఏడాది మన శీర్షికకి ఆ "అప్రూవల్" అన్న మాటనే తీసుకున్నాను.

ముందు ఒక తేడా చెప్పాలి. మన దేశంలో 1956 నాటి యు.జి.సి. చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు ఊరికే రాదు. పార్లమెంటో, రాష్ట్ర శాసనసభో చట్టం చేసి పెట్టిన యూనివర్సిటీ అయినా కావాలి, లేదా డీమ్డ్ హోదా అయినా ఉండాలి. అందుకని ప్రభుత్వ ముద్ర పడిందంటే డిగ్రీకి విలువ ఉన్నట్టే అని మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. (ఆ ముద్రకీ తిప్పలు లేకపోలేదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2002లో ఒక చట్టం చేసి వందకి పైగా ప్రైవేటు యూనివర్సిటీలని కాగితం మీద పుట్టించింది. 2005లో యశ్‌పాల్ గారి కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్లని కొట్టేసింది. మన ఆంధ్రలో ప్రైవేటు యూనివర్సిటీల చట్టం 2016లో, తెలంగాణలో 2018లో వచ్చాయి.)

అమెరికా రాజ్యాంగంలో చదువు అన్న మాటే లేదు. కనుక కాలేజీ తెరవడానికి అనుమతి ఇచ్చేది రాష్ట్రం. ఆ కాలేజీలో చదువు నాణ్యంగా ఉందా అని చూసి అక్రెడిటేషన్ ఇచ్చేవి ప్రైవేటు సంస్థలు. వాటిలో లెక్కలోకి వచ్చేవి కేంద్ర విద్యాశాఖ గుర్తించినవి మాత్రమే. ఇక పరాయి దేశపు పిల్లలకి ఐ-20 కాగితం ఇవ్వవచ్చునని సర్టిఫికెట్ ఇచ్చేది హోమ్‌లాండ్ సెక్యూరిటీ శాఖ. మూడు గుమ్మాలు, మూడు తాళాలు. ఒక తాళం చెవి ఇంకో గుమ్మానికి పట్టదు. ఇల్లు కట్టుకోవడానికి మునిసిపాలిటీ ప్లాను మంజూరు చేసినంత మాత్రాన ఆ ఇంట్లో వంట బాగుంటుందని కాదు కదా!

కాలిఫోర్నియా సంగతి మరీ విచిత్రం. 1980లలో ఈ రాష్ట్రానికి డిగ్రీలమ్మే కొట్ల రాష్ట్రమని చెడ్డపేరు వచ్చింది. ఆ మచ్చ చెరుపుకోవడానికి 1989లో గట్టి చట్టం చేశారు. 2007లో ప్రైవేటు కాలేజీల చట్టం గడువు తీరిపోతే, కొత్త చట్టం అమలులోకి వచ్చేదాకా, అంటే రెండున్నరేళ్ళ పాటు, అడిగే కాపలాదారు లేడు. 2010 జనవరి 1 నుంచి బ్యూరో ఫర్ ప్రైవేట్ పోస్ట్ సెకండరీ ఎడ్యుకేషన్ అనే కార్యాలయం పనిచేస్తోంది.

మా మిత్రుడొకాయన, పాతికేళ్ళు చిప్ డిజైన్ చేసి విసుగెత్తినవాడు, ఒక చిన్న కాలేజీ పెడదామనుకున్నాడు. "నాలుగు గదులు, నలభై కంప్యూటర్లు, నలుగురు మేష్టార్లు, ఇంతే కదా" అన్నాడు. దరఖాస్తు చదవడానికి నన్ను తోడు కూర్చోమంటే కూర్చున్నాను. రెండు ఆదివారాలు పట్టింది. యజమానులెవరు, వాళ్ళ పూర్వాపరాలేమిటి, పాఠ్యక్రమం ఎవరు తయారు చేశారు, చెప్పేవాళ్ళ అర్హతలేమిటి, గ్రంథాలయం సంగతేమిటి, భవనం అగ్ని భద్రత నిబంధనలకి సరిపోతుందా, పిల్లవాడు సంతకం పెట్టే ఒప్పంద పత్రం ఎలా ఉంటుంది. చేతిలో ఉన్న ఆస్తులు దగ్గర పడ్డ అప్పులకి కనీసం 1.25 రెట్లు ఉన్నాయని లెక్క చూపించాలి. పిల్లవాడు మొదటి క్లాసు రోజు వరకు గానీ, చేరిన ఏడో రోజు వరకు గానీ, ఏది తరువాత వస్తే అప్పటి వరకు మానేస్తానంటే డబ్బు వెనక్కివ్వాలి. మార్కుల జాబితాలు శాశ్వతంగా దాచాలి. కాలేజీ మూతపడితే నష్టపోయిన పిల్లల కోసం రాష్ట్రం ఒక నిధి కూడా పెట్టింది. అది ఈ రాష్ట్రంలో నివాసం ఉండి చదివేవాళ్ళ కోసం.

ఇంత చదివాక మా మిత్రుడు "మన ఊళ్ళో అయితే ఈ పాటికి భూమిపూజ అయిపోయేది" అన్నాడు. నాకు మాత్రం ఆ కాగితాల మీద గౌరవం పెరిగింది. అందులో ప్రతి ప్రశ్న వెనుకా ఎక్కడో మోసపోయిన ఒక కుర్రవాడు కనిపించాడు.

డిగ్రీలిచ్చే కాలేజీకి ఇంకో మెలిక ఉంది. 2014లో చేసిన సవరణ ప్రకారం అక్రెడిటేషన్ లేని కొత్త కాలేజీకి ఇచ్చేది తాత్కాలిక అనుమతి. రెండు డిగ్రీ కోర్సులకి మించకూడదు. రెండేళ్ళలో అభ్యర్థి హోదా, ఐదేళ్ళలో పూర్తి అక్రెడిటేషన్ తెచ్చుకోవాలి. తెచ్చుకోలేకపోతే అనుమతికే ఎసరు. ఈ దారిలో నడిచి గట్టెక్కినవాళ్ళు లేకపోలేదు. మిల్పిటాస్‌లో మన తెలుగువాళ్ళు పెట్టిన యూనివర్సిటీ ఆఫ్ సిలికానాంధ్రకి ముందు 2016లో రాష్ట్ర అనుమతి వచ్చింది, అక్రెడిటేషన్ తరువాతే. కానీ చేరబోయే పిల్లవాడికి తెలియవలసింది కాలేజీ ఆ ఐదేళ్ళలో ఎన్నో ఏట ఉందీ అన్నది. ఆ సంగతి కాలేజీయే చెప్పాలని చట్టం. అక్రెడిటేషన్ లేకపోతే, ఈ డిగ్రీ కాలిఫోర్నియా ప్రభుత్వ ఉద్యోగాలతో సహా కొన్ని ఉద్యోగాలకి చెల్లకపోవచ్చునని కేటలాగులో అచ్చువేయాలి. వేస్తారు కూడా. మనం కేటలాగులో చూసేది ఫీజు పేజీ ఒక్కటే.

ఇందులో మనవాళ్ళని నేరుగా తాకే ముక్క హెచ్-1బి. అమెరికా మాస్టర్స్ డిగ్రీ ఉన్నవాళ్ళకి ఏటా విడిగా ఉంచే 20 వేల వీసాల కోటాకి ప్రభుత్వ కాలేజీ గానీ, లాభాపేక్ష లేని కాలేజీ గానీ ఇచ్చిన డిగ్రీయే పనికొస్తుంది. 2017లో ఇమ్మిగ్రేషన్ శాఖ అప్పీలు కార్యాలయం ఇంకో మాట తేల్చింది: డిగ్రీ చేతికొచ్చిన నాటికే ఆ కాలేజీకి గుర్తింపు ఉండాలి, తరువాత వచ్చిన గుర్తింపు వెనక్కి పాకదు. రెండేళ్ళ ఫీజు కట్టాక తెలిస్తే గుండె ఆగే ముక్క ఇది.

ఐ-20 ఉంది కదా, ప్రభుత్వమే ఇచ్చింది కదా అంటారు. 2011 జనవరిలో ప్లెజంటన్‌లోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగింది. దాదాపు 1500 మంది పిల్లలు, అత్యధికులు భారతీయులు, వాళ్ళలో మన తెలుగువాళ్ళే ఎక్కువ. రికార్డుల్లో వందలాది మందికి ఒకే అపార్ట్‌మెంట్ చిరునామా. కొందరు పిల్లల కాళ్ళకి రేడియో పట్టీలు వేశారు. ఆ సంస్థ అధ్యక్షురాలికి 2014లో పదహారేళ్ళ జైలు శిక్ష పడింది. వాళ్ళ దగ్గర కూడా ఐ-20లు ఇచ్చే అధికారం ఉండేది!

2019 నాటి ఫార్మింగ్టన్ సంగతి ఇంకా ఘోరం. మిచిగాన్‌లో ఆ యూనివర్సిటీని నడిపింది హోమ్‌లాండ్ సెక్యూరిటీ ఏజెంట్లే. పాఠాలు లేవు, మేష్టార్లు లేరు. అక్రెడిటింగ్ సంస్థ జాబితాలో మాత్రం దాని పేరు ఉంది. అంటే జాగ్రత్తగా వెతికి చూసిన పిల్లవాడికి కూడా సరిగ్గానే కనిపించింది. పిల్లల్ని చేర్పించారని పట్టుకున్న ఎనిమిది మందీ మనవాళ్ళే. "క్లాసులు లేవని తెలిసి కూడా చేరారు, వాళ్ళదే తప్పు" అని మన సమావేశాల్లోనే అన్నవాళ్ళున్నారు. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. కానీ ఫీజు తీసుకుని పాఠం చెప్పని ప్రభుత్వం మాటేమిటి? ఫీజు కట్టిన విద్యార్థి వేసిన దావాని కింది కోర్టు కొట్టేస్తే, అలా కొట్టేయడం తప్పని 2024లో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. నా మొగ్గు ఆ కోర్టు వైపే.

కనుక పిన్నిగారికి నేను చెప్పేది ఇది. "అప్రూవ్డ్" అన్న మాట చూసి ఆగకండి, ఎవరు అప్రూవ్ చేశారో అడగండి. అక్రెడిటేషన్ ఇచ్చిన సంస్థ పేరు కేంద్ర విద్యాశాఖ జాబితాలో ఉందో లేదో చూడమనండి. ఆ కాలేజీ క్లాసులు ఎక్కడ జరుగుతాయో, వారానికి ఎన్ని గంటలో అడిగితే ఏజెంటు మాట మారుస్తున్నాడేమో వినండి. ఏజెంటుకి కమిషను కాలేజీ ఇస్తుంది, మీరు కాదు.

మా మిత్రుడు డిగ్రీల ఆలోచన ప్రస్తుతానికి అటకెక్కించాడు. ముందు డిగ్రీ లేని సర్టిఫికెట్ కోర్సులకి దరఖాస్తు పెట్టాడు. బ్యూరో నుంచి మొన్ననే జవాబు వచ్చింది. కేటలాగులో డబ్బు వాపసు గురించిన పేరా సరిగ్గా లేదు, తిరగరాసి పంపమన్నారు. రాస్తున్నాడు.