శత్రుదేశపు పాస్‌పోర్టు, గోండుల పట్టా

1938 మార్చిలో హిట్లర్ సేనలు ఆస్ట్రియాలోకి నడిచి వచ్చాయి. యుద్ధమనేదే లేకుండా ఒక దేశం పటంలోంచి మాయమైంది, అక్కడి జనం జర్మన్ పౌరులైపోయారు. మరుసటి ఏడాది రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అప్పటికి ఇండియాకు వచ్చి ఉన్న వియన్నా మానవశాస్త్ర పరిశోధకుడు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ సర్కారు దృష్టిలో ఆయన శత్రుదేశపు పౌరుడు. ఆయన వెళ్లాలనుకున్నది నాగా కొండలకు. హైదరాబాద్ సంస్థానం ఎల్లలు దాటకూడదన్న ఆంక్షతో ఇక్కడ ఉండిపోయాడు. మొదట నల్లమల చెంచుల దగ్గరికి, తర్వాత గోదావరి కొండరెడ్ల దగ్గరికి, ఆపైన ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్లాడు. ప్రేమతో వెతుక్కుంటూ వచ్చాడని మనం చెప్పుకుంటాం కానీ, యుద్ధం ఆయన్ను ఇక్కడ కట్టిపడేసిందన్నది అసలు సంగతి.

ఈ చరిత్ర మన దగ్గర భక్తి కథగా మారిపోయింది. ఏటా జనవరి 11న జైనూర్ మండలం మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతుల వర్ధంతి జరుపుతారు. 1987లో హైదరాబాద్‌లో కన్నుమూసిన ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి అక్కడే ఉంది. ఆయన 1995లో లండన్‌లో పోతే, చితాభస్మాన్ని 2012లో కొడుకు తెచ్చి ఆమె పక్కనే ఉంచాడు. గోండులు వాళ్లను తలుచుకోవడంలో న్యాయం ఉంది. ప్రభుత్వాలు వేసే దండల్లో మాత్రం కొంత లౌక్యం ఉందనిపిస్తుంది. దయగల దొర వచ్చి భూములిప్పించాడని చెప్పుకుంటే, అంతకుముందు ఆ భూములు లాక్కున్నదెవరో చెప్పాల్సిన పని తప్పుతుంది.

హైమన్‌డార్ఫ్ చదువుకున్న చోటు సంగతి కూడా చూడాలి. పద్దెనిమిదో శతాబ్దంలో హెర్డర్ అనే జర్మన్ ఆలోచనాపరుడు జనం పాటలు పోగుచేశాడు. ప్రతి జాతికీ తనదైన పాట, భాష, మనసు ఉంటాయన్నాడు. అందులో ద్వేషం లేదు. నూట యాభై ఏళ్లు గడిచేసరికి అదే జర్మన్ నేల మీద జాతి అంటే నెత్తురు అనేవాళ్లు గద్దెనెక్కారు. జర్మన్ మానవశాస్త్రవేత్త ఎగాన్ వాన్ ఐక్‌స్టెడ్ 1926 నుంచి 1929 దాకా ఇండియా అంతా తిరిగి ఆదివాసుల ఒళ్లూ తలలూ కొలిచి, వాళ్లను తెగలుగా గీతలు గీసి విడదీశాడు. నాజీల కాలంలో అదే మనిషి ఎవరు ఆర్యులో ఎవరు కాదో తేల్చే నిపుణుడిగా సర్కారుకు పనికొచ్చాడు. వియన్నాలో హైమన్‌డార్ఫ్ గురువుల్లో ఒకరైన విల్హెల్మ్ కాపర్స్ క్రైస్తవ ఫాదర్. 1938లో ఆయన్ను విశ్వవిద్యాలయం నుంచి తప్పించారు. ఇంకో గురువు రాబర్ట్ హైనే గెల్డర్న్ యూదు మూలాలున్నవాడు కావడంతో అమెరికాలో తలదాచుకున్నాడు. వియన్నా మానవశాస్త్ర శాఖ పీఠం చివరికి నాజీ పార్టీ సభ్యుడు హెర్మన్ బౌమన్ చేతికి వెళ్లింది. జాతుల గురించిన ఒకే చదువు ఒకరిని కుర్చీ ఎక్కించి, మరొకరిని ఊరు దాటించింది.

ఇండియాలో చిక్కుకున్న మరో ఆస్ట్రియన్ హైన్రిఖ్ హారర్ పర్వతారోహకుడు, నాజీల ఎస్.ఎస్. దళ సభ్యుడు. అతన్ని డెహ్రాడూన్ నిర్బంధ శిబిరంలో పెడితే 1944లో తప్పించుకుని టిబెట్ చేరాడు, లోకమంతా చదివిన పుస్తకం రాశాడు. అదే పాస్‌పోర్టు ఉన్న హైమన్‌డార్ఫ్‌కు మాత్రం ముళ్లకంచె బదులు ఒక రాజ్యమే చెరసాల అయింది. ఇంగ్లిష్ భార్య, లండన్‌లో చదివిన చదువు, పెద్ద అధికారుల స్నేహం ఆయనకు అండగా నిలిచాయి. యుద్ధం ముగియకముందే బ్రిటిష్ ప్రభుత్వం ఆ ‘శత్రువు’నే ఈశాన్యంలోని సుబన్‌సిరి ప్రాంతానికి ప్రత్యేక అధికారిగా పంపింది. అవసరం ముందు పౌరసత్వం చిన్నబోయింది.

ఆయన్ను ఆదిలాబాద్ సమస్య లోతుల్లోకి దింపింది మాత్రం పుస్తకాలు కావు, కుమ్రం భీం. బాబేఝరి, జోడేఘాట్ చుట్టూ పన్నెండు గూడేల గోండులు, కోలాములు భీం నాయకత్వంలో నిజాం అటవీ శాఖకు ఎదురు తిరిగారు. 1940లో జోడేఘాట్‌లో పోలీసులు భీంనూ ఆయన సహచరులనూ కాల్చి చంపారు. తుపాకులు చల్లబడ్డాక, ఈ కొండజనం ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అగత్యం నిజాం సర్కారుకు పట్టింది. హైమన్‌డార్ఫ్ నివేదికలకు గిరాకీ అక్కడ పుట్టింది.

ఆయన కనిపెట్టిన కిటుకు రెవెన్యూ దస్తరంలో ఉంది. గోండు రైతు అడవి నరికి, చదును చేసి, తరాలుగా దున్నుకునే నేలకు పట్టా ఉండేది కాదు. దాన్ని ‘శివాయి జమాబందీ’ కింద రాసుకుని ఏటేటా శిస్తు మాత్రం వసూలు చేసేవారు. శిస్తు కట్టిన రశీదు ఉన్నా హక్కు లేదు. మైదానం నుంచి వచ్చిన షావుకారో, దేశ్‌ముఖో కచేరీకి వెళ్లి అదే సర్వే నంబరుకు లావణీ పట్టా చేయించుకుంటే, తెల్లారేసరికి గోండు తన పొలంలోనే పాలేరు. మిగిలిన నేలను అటవీ శాఖ రిజర్వు గీతలోకి లాగేసుకునేది. పశువు మేసినా, నాగలికి కర్ర కొట్టినా జవానుకు మామూలు ముట్టాల్సిందే. ఐక్‌స్టెడ్ తలలు కొలిచి చెప్పలేనిది పట్వారీ పుస్తకం తిరగేస్తే తెలిసింది. హైమన్‌డార్ఫ్ గొప్పతనం నా దృష్టిలో ఇంతే, ఇది చిన్నదేమీ కాదు. ఐరోపాలో ఆయన తోటివాళ్లు మనిషి నెత్తురు ఎవరిదని అడుగుతున్న రోజుల్లో, ఆయన భూమి ఎవరి పేరున ఉందని అడిగాడు.

అడిగినందుకు ఫలితమూ దక్కింది. బస్తర్ మారియా గోండుల మీద పుస్తకం రాసిన డబ్ల్యూ.వి. గ్రిగ్సన్ అప్పట్లో నిజాం రెవెన్యూ మంత్రి, మాట వినగలిగినవాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు అచ్చయ్యాయి. జిల్లాలో అధికారిగా పనిచేసిన సేతు మాధవరావు పగడి గోండి నేర్చుకుని మరీ వాళ్ల గురించి రాశారు. 1946లో గిరిజన ప్రాంతాల చట్టం వచ్చింది. ఆ దశాబ్దం ముగిసేలోగా జిల్లాలో లక్ష ఎకరాలకు పైగా భూమికి ఆదివాసుల పేరున పట్టాలయ్యాయి. కెస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు కూర్చుని ఫిర్యాదులు వినే దర్బారు కూడా ఆయన కాలంలోనే మొదలైందంటారు.

అయితే ఇక్కడో తేడా ఉంది. భీం అడిగింది పన్నెండు గూడేల మీద తమ పాలన. సర్కారు ఇచ్చింది పట్టా కాగితం. ఏలుకుంటామన్నవాళ్లను ఏలికలు ‘కాపాడటం’ మొదలుపెట్టారు. కాపాడేవాడు మారితే కాగితం గతి ఏమవుతుందన్నది తర్వాతి ముప్పై ఏళ్లలో తేలింది. రోడ్లు పడ్డాయి, పత్తికి ధర వచ్చింది, మైదాన రైతులు, వ్యాపారులు ఉట్నూరు దాకా విస్తరించారు. గిరిజనేతరులకు భూ బదలాయింపు చెల్లదన్న 1959 నాటి ఒకటో నిబంధన 1963లో తెలంగాణకూ వర్తించింది, 1970లో మరింత గట్టిపడింది. చట్టం గట్టిపడిన కొద్దీ బినామీ పేర్లు పెరిగాయి. వృద్ధాప్యంలో తిరిగి వచ్చిన హైమన్‌డార్ఫ్ తన పట్టాలు చేతులు మారడం కళ్లారా చూసి, 1982లో ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా: ద స్ట్రగుల్ ఫర్ సర్వైవల్’లో దాచకుండా రాశాడు. దానికి ముందు ఏడాదే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. ఆ లెక్కను గూడేల్లో ఎవరూ నమ్మరు. ఈసారి కాల్చింది నిజాం పోలీసులు కారు, మనం ఓట్లేసి ఎన్నుకున్న ప్రభుత్వపు పోలీసులు.

2017 చివర్లో ఆదిలాబాద్‌లో ఆదివాసులకూ లంబాడాలకూ మధ్య గొడవలు రేగినప్పుడు, అసలు గిరిజనులెవరన్న వాదన వీధికెక్కింది. అందులో నిజమైన బాధలున్నాయి, ఉద్యోగాల లెక్కలున్నాయి. కానీ మూలపురుషుడెవరు, వలస వచ్చిందెవరు అన్న దారిన పడితే అది ఎక్కడికి చేరుతుందో ఐరోపా చూసింది. భూములు పోయిందెలాగో, ఎవరి బినామీ పేరున ఎన్ని ఎకరాలున్నాయో లెక్క తీయడం కష్టం. పక్క తండావాడిని తిట్టడం తేలిక. నాయకులు తేలికైన పనే ఎంచుకున్నారు.

2023 జూన్ 30న భీం పోరాడిన ప్రాంతమైన ఆసిఫాబాద్‌లోనే అప్పటి ముఖ్యమంత్రి పోడు పట్టాల పంపిణీ ప్రారంభించారు, రాష్ట్రమంతటా నాలుగు లక్షల ఎకరాలకు పైగా ఇచ్చామన్నారు. రెండేళ్లు తిరక్కుండానే, 2025 మేలో, తర్వాతి ప్రభుత్వం పులుల రాకపోకల కోసమంటూ అదే జిల్లా అడవుల్ని కుమ్రం భీం పేరుతోనే కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ 49వ జీవో తెచ్చింది. అడవి నుంచి గెంటివేతకు ఎదురు నిలిచి చనిపోయిన మనిషి పేరు పెట్టడానికి ఇంతకంటే వేరే సందర్భం దొరకలేదా? జనం రోడ్డెక్కాక జూలైలో ఆ జీవో అమలు నిలిపివేశారు. నిలిపివేసిన జీవో ఏ పొద్దయినా లేచి కూర్చోగలదు. పులులకు దారి కావాలంటే ఆ దారిలో ఉన్న గూడేల గ్రామసభలను ముందు అడగాలి. 2006 అటవీ హక్కుల చట్టం చెప్పేదీ అదే. పెండింగులో ఉన్న పోడు దరఖాస్తులన్నీ గ్రామసభల ముందు తేల్చాకే అటవీ శాఖ కొత్త గీతలు గీయాలి, 49వ జీవోను రద్దు చేయాలి.