బొగ్గు మురికి కాదు

సర్కారు తుమ్మ కాల్చి బొగ్గు అమ్ముకుని బతికినవాళ్లం. అదే బొగ్గు బడిలో మన పిల్లల చేతికి అంటితే కడుక్కోమంటాం. ఎందుకీ నామోషీ?

దివిసీమలో ఒక బడిలో బొమ్మల పోటీ పెట్టారు. మా యానాది పిల్ల ఒకతె పొయ్యి బొగ్గుతో ముసలామె ముఖం గీసింది. 1977 నవంబరు 19 ఉప్పెనలో పోయిన ముత్తవ్వ. ఫొటో లేదు, నాయనమ్మ చెబుతుంటే గీసింది. కళ్ల చోట గీతల్లేవు, బొటనవేలితో నలిపిన నలుపే ఉంది. నేను తల తిప్పుకున్నాను. రంగుల్లేవని దాన్ని పక్కన పడేశారు. ఈకల కిరీటం పెట్టుకుని నవ్వే 'గిరిజనుడి' బొమ్మకు బహుమతి ఇచ్చారు. ఈకలు పెట్టుకున్న యానాదిని దివిసీమలో నేనింతవరకు చూడలేదు!

పోలిక, కొలత కుదరాలి కదా అంటారు కొందరు టీచర్లు. జర్మనీలో కేథే కోల్విట్జ్ కొడుకు 1914లో యుద్ధంలో చనిపోయాడు. ఆమె బొగ్గుతో గీసిన తల్లుల్ని చూడండి. చేతులు మరీ పెద్దవి, బిడ్డను వదలని చేతులు. కొలత కుదిరితే అంతసేపు చూస్తామా? చిత్తప్రసాద్ 1943 బెంగాల్ కరువును నలుపు తెలుపుల్లోనే గీశాడు. ఉత్త నలుపే అయితే ఆ పుస్తకాన్ని తెల్లదొరలు ఎందుకు తగలబెట్టించారు?

పెడన అద్దకంలో తుప్పు ఇనుము, బెల్లంతో చేసిన నలుపును కళ అంటాం, మన పొయ్యిలో నలుపును మాత్రం మసి అంటాం.

ఆ పిల్ల బొమ్మ నా దగ్గరే ఉంది, అంచులు చెరుగుతున్నాయి. వచ్చే పోటీకి రంగుల నిబంధన తీసేయమని హెడ్మాస్టర్లను అడుగుదాం. తీయకపోతే మన పిల్లల్ని పంపొద్దు.