కారు వెల – కొనువారి మెలకువ

ఎద్దును కొనబోవు రైతు దాని పండ్లు చూచును, సుడులు చూచును, కాడి కట్టి నడిపించి చూచును. తుదివెల తేలినగాని సంచి విప్పడు. ఆ రైతే నేడు పట్టణమునకు వచ్చి, అంతకు ఎన్నోరెట్లు సొమ్ముపెట్టి కారు కొనునపుడు, చల్లని గదిలో కూర్చుండి, చూపినచోటనెల్ల సంతకము చేసి వచ్చుచున్నాడు. ఈ వైపరీత్యమునకు కారణమేమి? అతనికి తెలివి తక్కువై కాదు. వెలను ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కను వేరువేరుగా చూపుటయే కారణము.

ప్రకటనలలో కనబడునది ఎక్స్‌షోరూము ధర. దానిపై జీవితకాలపు పన్ను, రిజిస్ట్రేషను రుసుము, భీమా చేరినగాని బండి వీథికి రాదు. ఇవి తప్పనివి. కాని వీని చాటున హ్యాండ్లింగు చార్జీలనియు, కోరని అలంకరణ సామగ్రియనియు, పొడిగించిన వారంటీయనియు తప్పించుకొనదగినవి పెక్కు చొరబడుచున్నవి. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్నకార్లపై జి.ఎస్.టి. 18 శాతమునకు తగ్గినది. ప్రభుత్వము తగ్గించిన పన్నును తమ బహుమానముగా చెప్పుకొను విక్రేతలును లేకపోలేదు.

భీమా సంగతియు నిట్టిదే. సుప్రీముకోర్టు ఉత్తరువు ననుసరించి 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్తకారుకు మూడేండ్ల థర్డుపార్టీ భీమా తప్పనిసరియైనది. కాని దానిని షోరూమువారి చేతిమీదుగనే తీసికొనవలెనను నిర్బంధము చట్టమున లేదు. "బయట భీమా చేసికొన్నచో తగ్గింపు ఈయము" అను మాట బేరమే గాని శాసనము గాదు.

అన్నిటికంటె లోతైన గోయి అప్పు. ఎనిమిది లక్షలు, ఐదేండ్ల గడువు, "ఫ్లాటుగా ఏడు శాతమే" అందురు. వడ్డీ 2,80,000 రూపాయలు; నెలకు 18,000 వాయిదా. ఏడు శాతమనగా మన పల్లెలెక్కలో అరవై పైసల వడ్డీయైనను కాదుగదా యని రైతు సంతోషించును. కాని నెలనెల అసలు తరుగుచున్నను వడ్డీ మాత్రము మొదటి ఎనిమిది లక్షలపైననే కట్టబడినది. తరుగుచున్న అసలుపై లెక్కించినచో అది ఏటికి నూటికి పండ్రెండున్నర. అనగా రూపాయి వడ్డీకి పైమాట! ఇరుగుపొరుగువారు రూపాయిన్నర వడ్డీ యడిగిన మండిపడువాడు, ఇచ్చట తాను రూపాయి దాటి యిచ్చుచున్నానని యెరుగడు.

"వాయిదా తగ్గించెదము" అనుట మరియొక యుపాయము. తరుగు అసలుపై తొమ్మిది శాతమునకు అదే యప్పును ఐదేండ్లలో తీర్చిన వడ్డీ సుమారు 1,96,000. ఏడేండ్లకు సాగదీసిన సుమారు 2,81,000. వాయిదా 16,600 నుండి 12,900కు తగ్గినందులకు చెల్లించు మూల్యము 85,000 రూపాయలు.

విక్రేతలను మేము దూషింపము. నెలకిన్ని బండ్లమ్మవలెనను ఒత్తిడి వారిపైనను గలదు. కాని కొనువాడు ఎరిగి కొనుట వేరు, ఎరుగక లొంగుట వేరు.

సాధనము మన చేతిలోనే యున్నది. 2024 అక్టోబరు 1 నుండి మంజూరగు ఇట్టి యప్పులన్నిటికిని, రుసుములతో గూడిన వార్షిక వ్యయశాతమును తెలుపు ముఖ్యవివరముల పత్రమును ఋణగ్రహీతకు తెలిసిన భాషలో ఈయవలెనని రిజర్వుబ్యాంకు శాసించినది. తెలుగున అడుగుటకు మనకేల సంకోచము? దానిని చదివినగాని సంతకము చేయరాదు. కారు, భీమా, అప్పు అను మూడు బేరములను మూడుచోట్ల విచారింపవలెను. తుదివెలను వ్రాతమూలముగా పుచ్చుకొని, ఒకరాత్రి యింట నుంచుకొని, మరునాడు బయలుదేరవలెను. "నేటితో సరి" యను తగ్గింపు సాధారణముగా రేపును దొరకును. చేసిన సంతకము మాత్రము వెనుకకు రాదు.

ప్రభుత్వమువారును ప్రతి షోరూము గోడపై పన్నులు, భీమాతో గూడిన పూర్తివెలను తెలుగున వ్రాయించుట విధిగా చేయవలెనని కోరుచున్నాము. దాచవలసినది లేని వర్తకునకు దీనివలన నష్టమేమియు లేదు.