ఆరున్నర బస్సు

మా టీమ్‌లో అమ్మాయిలకి లేట్ షిఫ్ట్ పడితే కంపెనీ క్యాబ్ ఇంటి గుమ్మం దాకా దింపుతుంది. తోడుగా సెక్యూరిటీ గార్డు కూడా వస్తాడు. మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మాటల్లో ఈ సంగతి చెప్పాను. డబ్బాలో అరిసెలు సర్దుతున్న అక్క చెయ్యి ఆగింది.

"గుమ్మం దాకానా? నాకు వెలుగుండగా ఒక్క బస్సుంటే సరిపోయేదిరా" అంది.

అక్క నాకంటే నాలుగేళ్లు పెద్ద. నాకు లెక్కలు నేర్పింది తనే. 2009లో టెన్త్ పాసైంది. జూనియర్ కాలేజీ మా ఊరికి 11 కిలోమీటర్లు. కాలేజీ వదిలేది నాలుగున్నరకి, తిరిగొచ్చే బస్సు ఆరున్నరకి. అది అడ్డరోడ్డు దగ్గర దింపితే అక్కణ్నుంచి చీకట్లో 2 కిలోమీటర్లు నడక.

"ఆడపిల్ల, ఏదైనా జరిగితే?" అన్నాడు నాన్న. డిపోకి వెళ్లి బస్సు టైము మార్చమని అడగాలని ఎవరికీ తోచలేదు. చదువు మానిపించాలని మాత్రం వెంటనే తోచింది. 18 నిండకుండానే ఊళ్లోనే పెళ్లి చేసేశారు. నాలుగేళ్ల తర్వాత అదే కాలేజీకి నేను వెళ్లాను. నాకు సైకిల్ కొన్నారు.

2010లో విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. కానీ అది 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకే. బడి దూరమయ్యేదీ, ఇంట్లో పెళ్లి మాటలు మొదలయ్యేదీ ఆ వయసు దాటాకే కదా! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. మా అక్క ఒక్కతే కాదన్నమాట.

యాప్‌ని యూజర్ మధ్యలో వదిలేస్తే మేం యూజర్ని తిట్టం. ఏ స్క్రీన్ దగ్గర ఆగిపోయాడో చూస్తాం. బీహార్ అలాగే చూసింది. 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకి సైకిల్ కొనుక్కోవడానికి డబ్బులివ్వడం మొదలుపెట్టింది. తర్వాత ఆర్థికవేత్తలు లెక్క తీస్తే, హైస్కూల్లో చేరే అమ్మాయిలు దాదాపు మూడో వంతు పెరిగారు. బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఆ పెరుగుదల ఎక్కువ. తల్లిదండ్రుల మనసులు రాత్రికి రాత్రి మారిపోయాయా? లేదు. దారి దగ్గరైంది, అంతే.

మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చింది. మంచిదే. కానీ టికెట్ ఫ్రీ అయినా, బస్సు టైముకి రావాలి కదా. అక్క కూతురు ఇప్పుడు తొమ్మిదో తరగతి. రెండేళ్లలో అదే కాలేజీ. బస్సు ఇంకా ఆరున్నరకే!

ఈసారి ఊరెళ్తే మీ ఊరి ఆఖరి బస్సు ఎన్నింటికో ఒకసారి కనుక్కోండి. దాన్నిబట్టి అక్కడ ఎంతమంది అమ్మాయిలు ఇంటర్ దాకా వెళ్తారో మీకే అర్థమవుతుంది.

కనుమ నాడు డిపో మేనేజర్‌కి అర్జీ రాశాం. బస్సు ఐదింటికి మార్చి, ఊళ్లోకి పంపమని. అక్క చెబుతుంటే నేను ఫోన్‌లో టైప్ చేశాను. వీధిలో పదకొండు మంది తల్లులు సంతకాలు పెట్టారు. పంపబోతుంటే అక్క ఫోన్ లాక్కుని చూసింది.

"'విద్యార్థిని'లో ఒత్తు పోయింది చూడు" అని సరిచేసి ఇచ్చింది.